అనసూయ పాలు ఆగిన పది రోజులు

మగ్గాల హోరులో పుట్టిన పిల్లలకు నిశ్శబ్దమంటే భయం. నా మాట నమ్మకపోతే మా సోలాపూర్ భవాని పేట్‌లో ఏదో ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు నిలబడి వినండి. పవర్‌లూములన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. క్షణంసేపు గల్లీ అంతా ఊపిరి బిగబట్టినట్టుంటుంది. ఆ తర్వాత ఒక్కో ఇంట్లోంచి ఒక్కో పసిబిడ్డ ఏడుపు అందుకుంటుంది. అంతసేపూ ఆ రొదలో హాయిగా పడుకున్నవాళ్లే. కరెంటు వస్తుంది, మగ్గాలు మళ్లీ మొదలవుతాయి, ఏడుపులు ఒకటొకటిగా అణిగిపోతాయి. కిటికీలోంచి పడే ఎండలో నూలు దుమ్ము తేలుతూ ఉంటుంది. రిటైరైన తర్వాత కూడా మధ్యాహ్నం కళ్లు మూసుకుంటే నేను ఆ ఎండలోనే నడుస్తుంటాను. భుజాన సంచీ, సంచీలో పిల్లల్ని తూచే కొక్కెం. ఏ ఇల్లు ఎవరిదో గుర్తురాదు గాని లోపల ఉన్న బిడ్డ మాత్రం గుర్తొస్తుంది.

నేను పుట్టింది జోడ్‌భావి పేట్‌లో. నాన్న చేతిమగ్గం మీద చీరలు నేసేవారు. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్ వచ్చారు. నా చదువు మరాఠీలో, దవాఖానా రిజిస్టర్లు మరాఠీలో. కాని కాన్పు నొప్పుల్లో మా ఆడవాళ్లు అరిచేది తెలుగులోనే కాబట్టి ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా నాకు పని తప్పలేదు. అందరికీ నేను నర్సక్కనే. ప్రమోషన్ల సంగతి, ట్రాన్స్‌ఫర్ల సంగతి రాయను. అవి చదివి ఏ బిడ్డా బాగుపడదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలకు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పాలంటే ముందు వాసన గురించి చెప్పాలి.

ముక్కుతో చేసే పని

మా పనిలో కళ్లకంటే ముక్కు ముఖ్యం. ఇది ట్రైనింగులో ఎవరూ చెప్పరు. బాలింత ఇంట్లోకి వెళ్లగానే నేను బిడ్డ ముఖం చూసేదాన్ని కాదు, బిడ్డ కింద వేసిన పాతచీర గుడ్డ అడిగేదాన్ని. అత్తలు ముఖం చిట్లించేవాళ్లు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ విరేచనం పచ్చగా, ఆవపిండి కలిపినట్టు పలచగా ఉంటుంది. దానికి పులిసీ పులియని మజ్జిగ వాసన. అసహ్యంగా ఉండదు, నిజం చెబుతున్నాను. డబ్బాపాలు తాగే బిడ్డది ముదురు రంగులో గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్ల దాని లాంటి కంపు వస్తుంది. పైనుంచి గుట్టి పట్టించిన బిడ్డది వేరే. గుట్టి అంటే వస, జాజికాయ, సొంఠి లాంటివి సాన మీద అరగదీసి నాకించడం, మరాఠీవాళ్లకూ మనవాళ్లకూ ఉన్న అలవాటే. దాచిపెట్టినా సరే, ఆ గుడ్డ నాకు చెప్పేసేది.

"ఏం పెట్టిన్రు బాళకు?" అని బిడ్డ సంగతి అడిగేదాన్ని.

"కాయ్ నై అక్కా, ఏం పెట్టలే. ఉట్టిగ రెండు చుక్కలు చక్కెర నీళ్లు."

ఉట్టిగ రెండు చుక్కలు! ఆ రెండు చుక్కలతో నేను చేసిన యుద్ధం అంతా ఇంతా కాదు. ముర్రుపాలతో ఇంకో యుద్ధం. కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి పచ్చటి పాలను పిండి పారబోయించేవాళ్లు. "చీము లెక్క ఉన్నయ్, బిడ్డకేంది తాగిచ్చేది" అనేవాళ్లు. నేను బతిమాలాను, కసిరాను, దేవుడి మీద ఒట్టు పెట్టించాను. ఎక్కువసార్లు ఓడిపోయాను.

ఒకే ఇంట్లో, ఒకే గాలి పీల్చే ఇద్దరు పిల్లల మధ్య ఆ వాసన ఎందుకు మారుతుందో నాకు చాలా ఏళ్లు తెలియదు. అది బిడ్డ వాసన కాదని, బిడ్డ పేగుల్లో కొత్తగా కాపురం పెట్టిన సూక్ష్మజీవుల వాసన అని ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి అనసూయ బిడ్డ పెద్దదైపోయింది.

నేను నోరు పారేసుకున్న రోజు

అనసూయ ఇల్లు నీలం నగర్‌లో. మొగుడు పవర్‌లూము మీద టవళ్లు నేస్తాడు, ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. అత్త రాజవ్వకు మోకాళ్ల నొప్పులు, నోరు మాత్రం గట్టిది. అనసూయకు తొలి కాన్పు నా చేతుల మీదే అయింది. ఆడపిల్ల. ముర్రుపాలు పారబోయకుండా పట్టించింది, రాజవ్వ ఎంత సణిగినా వినలేదు. అందుకే ఆ పిల్ల అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

బిడ్డకు పన్నెండో రోజున వెళ్లాను. పగటి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. అనసూయ గోడకు ఆనుకుని, ఒళ్లో బీడీల చాట, చాటలో తంబాకు, పక్కన నానబెట్టిన ఆకు. బిడ్డ ఏడ్చింది. ఆమె చాట పక్కకు జరిపి, చేతులు చీరకు తుడుచుకుని, బిడ్డను రొమ్ముకు పెట్టుకుంది. వేళ్లు గోధుమరంగులో ఉన్నాయి, గోళ్ల కింద తంబాకు.

అప్పటికి నేను కొత్తదాన్ని కాను. ఏళ్ల అనుభవముంది, అదే అసలు ప్రమాదం. పైగా ఆ వారమే పొగాకు వల్ల వచ్చే రోగాల మీద ట్రైనింగు చేసి వచ్చాను. తల నిండా ఆ రోగాల బొమ్మలు. ఒళ్లు మండిపోయింది.

"ఏందే ఇది! గీ చేతులతోని పాలిస్తవా? విషం తాగిపిస్తున్నవ్ పిల్లకు. బీడీలన్న బంద్ చెయ్, లేకుంటె పాలన్న బంద్ చెయ్!"

అనసూయ తెల్లబోయింది. రొమ్ము నుంచి బిడ్డను విడదీసి రాజవ్వకు ఇచ్చేసింది.

"బంద్ జేస్తే కార్డు పోతది గదక్కా," అంది మెల్లగా. బీడీ కార్ఖానా ఇచ్చే కార్డు అది. చుట్టిన మాల్ వరసగా ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. ఆ ఇంట్లో ముగ్గురు దాని మీద ఆధారపడి ఉన్నారు.

"అయితే డబ్బాపాలు పట్టు," అని బయటికి వచ్చేశాను.

నా మనసులో ఉన్నది బీడీలు మానమని. కొన్నాళ్లు మానేస్తుందనుకున్నాను. మన ఆడవాళ్లకు ఏది మానడం చేతిలో ఉందో, ఏది లేదో ఆలోచించలేదు. మంచి మాట చెప్పాననుకుని చేతులు దులుపుకున్నాను.

తర్వాతి వారం అదే గల్లీలో వెళుతుంటే వాళ్ల ఇంట్లోంచి మోగ్రా పూల వాసన వచ్చింది. తంబాకు వాసనతో కలిసి ఏదో పెళ్లి ఇంట్లో నిద్ర లేచినట్టు మత్తుగా అనిపించింది. పాలు ఎండబెట్టడానికి రొమ్ముకు మల్లెపూలు కట్టే అలవాటు మనదే, నాకు తెలియంది కాదు. ఆ పూట నాకు తట్టలేదు. పూల వాసన పీల్చుకుంటూ ముందుకు వెళ్లిపోయాను. నా ఉద్యోగంలో ముక్కు పనిచేసి బుర్ర పనిచేయని రోజు అదొక్కటే.

వార్డులో ఒక ప్రశ్న

నేను నోరు పారేసుకున్న పదో రోజున రాజవ్వ మోకాళ్లు ఈడ్చుకుంటూ దవాఖానాకు వచ్చింది. చంకలో బిడ్డ. వెనకే అనసూయ, చేతులు పైట కింద దాచుకుని.

"నర్సక్కా, లవ్కర్, జల్ది చూడు, పిల్ల కండ్లు తెరుస్తలే."

బిడ్డ నెత్తిమీద మాడు గుంటపడిపోయింది. నాలుక ఎండిపోయింది. గుడ్డ విప్పాను. ఆకుపచ్చగా నీళ్లు, కుళ్లిన వాసన. ఆ మజ్జిగ వాసన ఎక్కడా లేదు.

డాక్టర్ మ్యాడమ్ పరుగున వచ్చారు. ఆమె గురించి ఉన్నమాట చెప్పాలి. చేతివాసి గొప్పది. ఎంత సన్నటి నరమైనా ఒక్కసారికే సూది దొరకబుచ్చుకునేవారు. కాని అరిచే మనిషి. అరిచే పై అధికారి కింద పనిచేసేవాళ్లు తప్పులు తగ్గించుకోరు, దాచుకోవడం నేర్చుకుంటారు. సెలైన్ ఎక్కించి, బిడ్డ రొమ్ము తాగడం లేదని తెలిసి, అనసూయ వైపు తిరిగి మరాఠీలో గద్దించారు.

"దూధ్ కా బంద్ కేలం? కోణీ సాంగిత్లం?"

పాలెందుకు ఆపావు, ఎవరు చెప్పారు. ప్రశ్న అదే. వార్డులో అందరూ వింటున్నారు. నేను సెలైన్ సీసా పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నోరు తెరిస్తే రెండు మాటలు. "నేనే చెప్పాను" అంటే చాలు.

అనసూయ నా వైపు చూడలేదు. నేల చూస్తూ, "మీచ బంద్ కేలం," అంది. నేనే ఆపాను అని.

మ్యాడమ్ ఆమెను చెడామడా తిట్టారు. చదువు లేదు, బుద్ధి లేదు, కన్నబిడ్డను చంపుకుంటున్నావు అని. సీసాలో చుక్కలు లెక్కపెడుతున్నట్టు నటించాను. ఇప్పటికీ ఆ క్షణం తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

చుక్క చుక్కగా

సెలైన్‌తో బిడ్డ ప్రాణం నిలబడింది. కాని మ్యాడమ్ స్పష్టంగా చెప్పారు. మళ్లీ పాలసీసాకు వెళితే మళ్లీ ఇదే జరుగుతుంది, ఈసారి తట్టుకోదు, తల్లిపాలు తిరిగి రావాలి. అనసూయ రొమ్ములు మెత్తబడిపోయాయి. పిండితే తడి మాత్రమే.

ఆ పని నాకివ్వమని అడిగి తీసుకున్నాను. ఎందుకో మ్యాడమ్‌కు తెలియదు.

దవాఖానా వెనక గదిలో పెద్ద కిటికీ ఉండేది. రోజూ మధ్యాహ్నం అక్కడ అనసూయను కూర్చోబెట్టేదాన్ని. మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడిగించి, రవిక విప్పించి, బిడ్డను ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టేదాన్ని. మొదటిరోజు ఆమె బిడ్డను పట్టుకోలేదు. చేతులు రెండు పక్కలా వేలాడేసి కూర్చుంది. నేనే ఆ చేతులు తీసి బిడ్డ వీపు మీద పెట్టాను.

బిడ్డ రొమ్ము పట్టేది, ఏమీ రాకపోతే వదిలేసి ఏడ్చేది. అందుకని మరిగించి చల్లార్చిన గిన్నెలో, మ్యాడమ్ చెప్పిన పాలు కాసిని పెట్టుకుని, చెంచాతో రొమ్ము పైనుంచి చుక్క చుక్కగా జారవిడిచేదాన్ని. ఆ చుక్క జారి బిడ్డ నోటి దగ్గరకు వచ్చేది. బిడ్డకు రొమ్ములోంచే వస్తున్నట్టు ఉండేది. చీకేది. చీకితేనే పాలు ఊరతాయి. ఒంట్లో పాలకు ఉన్న దారి అదొక్కటే.

ఎన్ని చుక్కలు వేశానో! ఎండ కిటికీలోంచి నేల మీదికి, నేల మీదినుంచి మంచం మీదికి, మంచం మీదినుంచి గోడ మీదికి పాకేది. దూరంగా ఎక్కడో మగ్గాలు. ముగ్గురం సగం నిద్రలో ఉండేవాళ్లం. ఒక్కోసారి ఆ బిడ్డ నాదో ఆమెదో తెలిసేది కాదు, ఆ చుక్క నా చేతిలోంచి పడుతోందో ఆమె ఒంట్లోంచి వస్తోందో కూడా. నా జీవితంలో అంత భయంగా, అంత ప్రశాంతంగా ఉన్న రోజులు వేరే లేవు.

ఐదో రోజున చెంచా పక్కన పెట్టాను. బిడ్డ వదల్లేదు. గుటక శబ్దం వినిపించింది.

"అక్కా, వస్తున్నయ్! గుంజుతున్నట్టయితుంది," అని అనసూయ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. పాలు పూర్తిగా కుదురుకోవడానికి ఇంకా మూడు వారాలు పట్టింది. ఒక పొద్దున వాళ్లింటికి వెళ్లి గుడ్డ విప్పితే పచ్చటి ఆవపిండి రంగు, మజ్జిగ వాసన. ఆ గుడ్డ ముఖానికి దగ్గరగా పెట్టుకుని నేను నవ్వుతుంటే రాజవ్వ, "పిచ్చి లేసిందా ఏంది గీ నర్సమ్మకు!" అని కోడలితో అంది.

ఆ పూట కూడా నేను చెప్పలేదు. తప్పు నాదని.

తెర మీద కనిపించినవి

రిటైర్మెంటుకు కొద్ది ముందు మమ్మల్నందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. మా అమ్మాయిల వయసున్న డాక్టరమ్మ తెర మీద బొమ్మలు చూపించింది. భోజనం తర్వాత వేళ, ఫ్యాన్ల గాలి, సగంమంది కునుకు తీస్తున్నారు. నాకూ కళ్లు మూతపడుతున్నాయి. అప్పుడు ఆమె అన్న మాటకు నిద్ర వదిలిపోయింది.

తల్లిపాలలో ఒక రకం చక్కెరలు ఉన్నాయట. బిడ్డ వాటిని అరిగించుకోలేదట. మరి బిడ్డకు పనికిరానిది తల్లి ఒళ్లు కష్టపడి ఎందుకు తయారు చేస్తుంది? అది బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల కోసం. తల్లి ఒకే రొమ్ముతో రెండు పంక్తులకు వడ్డిస్తోంది. ఆ సూక్ష్మజీవులు ఆ చక్కెర తిని పేగుల్లో పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో రోగాలు తెచ్చేవి బతకడం కష్టం. నేను ముప్పై ఏళ్లు గుడ్డల్లో వాసన చూసింది ఆ పులుపునే!

ఇంకో సంగతి చెప్పింది. ఆ మంచి సూక్ష్మజీవుల్లో కొన్ని తల్లి పాలలోంచి, ఆమె చర్మం మీదినుంచే బిడ్డకు అందుతాయట. పాలలోనే తోడు కూడా వేసి పంపినట్టు. డబ్బాపాలు తాగే బిడ్డ పేగుల్లో వేరే రకాలు, పెద్దవాళ్ల కడుపులో ఉండేలాంటివి, తొందరగా వచ్చి చేరతాయి. పక్కన చక్కెర నీళ్లు, గుట్టి పెట్టినా ఆ కాపురం చెదురుతుంది. ఈ విషయంలో మనకు తెలియనిదే ఇంకా ఎక్కువ అని కూడా ఒప్పుకుంది. ఆ అమ్మాయి నాకు నచ్చింది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. నిజంగా పాలు రాని తల్లులుంటారు, రోగంతో ఇవ్వలేనివాళ్లుంటారు. వాళ్ల పిల్లలు డబ్బాపాలతోనూ చక్కగా పెరుగుతారు. శుభ్రంగా ఎలా పట్టాలో నేర్పండి, భయపెట్టకండి. తంబాకు మంచిదని కూడా నేను అనడం లేదు. అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళుతుంది. ముందు పాలివ్వు, తర్వాత చాట పట్టు అని చెప్పండి. మళ్లీ పాలిచ్చే ముందు సబ్బుతో కడుక్కోమనండి, రవిక మార్చుకోమనండి, బిడ్డ ఉయ్యాల తంబాకు లేని గదిలో కట్టించండి. ఒక్క గదే ఉంటే మీరే వెళ్లి గాలి వచ్చే మూల చూపించండి. "ఇదన్నా మానుకో, అదన్నా మానుకో" అని మాత్రం ఎవరితోనూ అనకండి. వాళ్లు దేన్ని మానుకోగలరో ముందు అడిగి తెలుసుకోండి.

ఆలస్యంగా చెప్పిన మాట

ఆ హాల్లోంచి నేరుగా నీలం నగర్ వెళ్లాలనిపించింది. వెళ్లడానికి ముఖం చెల్లలేదు. రిటైరైన తర్వాత ఇంకో ఏడాది గడిచింది. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం చివరికి వెళ్లాను.

రాజవ్వ పోయింది. అనసూయ జుట్టు సగం నెరిసింది. అదే గోడకు ఆనుకుని, ఒళ్లో చాట. వేళ్లు మాట్లాడుతున్నంత వేగంగా బీడీలు చుడుతున్నాయి. నాకు చాయ్ పెట్టించింది. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి చెప్పాను. పాలు ఆపించింది నేనే. మ్యాడమ్ ముందు నోరు మూసుకున్నదీ నేనే. నీ చేతుల్లో ఏ విషమూ లేదు, నా నోట్లోనే ఉంది.

అనసూయ నవ్వింది.

"నువ్వే జెప్పినవని నాకెర్క లేదా అక్కా? నీ నౌక్రి పోతదని నేనే ఒప్పుకున్న. నువ్వు పోతే మా గల్లీల కాన్పులు ఎవరు జూస్తరు? ఆ మ్యాడమ్‌కు మన మాటనే సమజ్ గాదు." చుట్టిన బీడీలు కట్ట కడుతూ ఆగింది. "పాలు నువ్వే పోగొట్టినవ్, నువ్వే కూసొని మళ్ల తెచ్చినవ్. గా కోపం లేదు. గని ఆ పది దినాలు పిల్లను ముట్టలే నేను. అత్త ఎత్తుకుంటె, సీసా పెడ్తుంటె, దూరంగ కూసొని చూసిన. నా చేతులు చూసుకుంట కూసున్న. ఆ త్రాస్, ఆ గోస ఎవరికి జెప్పాలె?"

కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడే ఆమె కూతురు వచ్చింది. ఆ బిడ్డే. ఇరవై ఏళ్లది, బట్టలు కుట్టే కార్ఖానాలో పని, ఎత్తుగా ఆరోగ్యంగా ఉంది. చెప్పులు విడిచి, "అమ్మా, తలకాయ పల్గుతుంది, జరం ఉందేమో చెయ్యేసి జూడు," అంటూ తల్లి ముందు కూర్చుని ముఖం ముందుకు చాపింది.

అనసూయ చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి మధ్యలోనే ఆగింది. దాన్ని ఒకసారి చూసుకుని, చాట పక్కన పెట్టి లేచింది.

"కడుక్కోవాల్సిన పని లేదే, అనసూయా. పెద్దపిల్ల. ఉట్టిగనే ముట్టు," అన్నాను.

"ఇరవై ఏండ్ల అలవాటు అక్కా," అంది, నా వైపు చూడకుండా. "ఒక్క మాటకు పట్టుకుంది. ఒక్క మాటకు పోతదా?"

కూతురు కళ్లు మూసుకుని, ముఖం అలాగే చాపి ఎదురుచూస్తోంది. అలవాటైన ఎదురుచూపులా ఉంది. లోపల కుళాయి కింద అనసూయ చేతులు రుద్దుకుంటున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు.